ఒకే మందు, రెండు పేర్లు: మీ అమ్మగారి కాళ్ల వాపు గురించి

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ అమ్మగారికి 62 ఏళ్లు, ఉండేది ఆంధ్ర సరిహద్దు పక్కన ఒడిశాలోని కాశీనగర్‌లో. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పర్లాకిమిడి ప్రభుత్వాసుపత్రిలో నెలనెలా ఉచితంగా మాత్రలు తెచ్చుకుంటారు. మొన్నామధ్య మీ అక్కయ్య శ్రీకాకుళం తీసుకెళ్లి చూపిస్తే అక్కడి డాక్టరు కొత్త చీటీ రాశారు. మోకాళ్లకని ఊళ్లో షాపువాడు ఇచ్చే నొప్పుల మాత్ర జీరోడాల్-పీ అదనం. ఇప్పుడు కాళ్లు వాచాయి, మూత్రం తగ్గింది, తెల్లవారుజామున కళ్లు తిరిగి చెమటలు పడుతున్నాయి. ఇది కాక, షుగరు లేని మీ చెల్లెలికి షుగరు మాత్ర, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు) ఉన్న పక్కింటి అబ్బాయికి కేన్సర్ మందు రాశారట, ఇవి ప్రమాదం కాదా అని అడిగారు.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపిన ఫార్మసిస్టుని. డాక్టర్ని కాను కాబట్టి ఏ మందు ఎంత వాడాలో నిర్ణయించను. ఏ మందు దేనితో కలిస్తే ఏమవుతుందో చెప్పడం మాత్రం నా వృత్తి.

మిగతాదంతా తర్వాత చదవండి, ముందు ఈ పని చేయండి. నొప్పుల మాత్ర ఇవాళే ఆపించండి. బీపీ మందులు, షుగరు మందులు మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లో ఉన్న ప్రతి అట్టా, ప్రతి సీసా, పొట్లంతో సహా ఒక సంచీలో వేసుకుని అమ్మగారిని ఇవాళో రేపో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని అక్కయ్యకు ఫోన్ చేయండి. క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, షుగరు చూడమని అడగండి. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా రేపటిదాకా ఆగొద్దు.

ఇక మీరు రాసిన జాబితాకు వద్దాం. ప్రభుత్వాసుపత్రి ఇచ్చినవి ఆమ్లోడిపిన్ 5, మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 1. శ్రీకాకుళం డాక్టరు రాసినవి టెల్మా-ఏఎమ్, గ్లైకోమెట్-జీపీ 2. అమ్మగారు ఇవన్నీ వేరువేరు మందులనుకుని ఐదూ వేసుకుంటున్నారు. టెల్మా-ఏఎమ్ అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి: టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5. గ్లైకోమెట్-జీపీ 2 వెనక చూడండి: మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 2. అంటే ఆమ్లోడిపిన్ రెండుసార్లు, మెట్‌ఫార్మిన్ రెండుసార్లు, గ్లిమెపిరైడ్ రెండుసార్లు లోపలికి వెళుతున్నాయి. ఈ డాక్టరూ తప్పు రాయలేదు, ఆ డాక్టరూ తప్పు రాయలేదు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే.

మన సరిహద్దు ఊళ్లలో ఇది రోజూ జరిగేదే. ఒడిశాలో నిరామయ పథకం 2015లో వచ్చాక ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, అది నిజంగా పెద్ద మేలు. కానీ అక్కడిచ్చే మాత్రల మీద ఉండేది మందు అసలు పేరు. పాతపట్నం దాటి టెక్కలికో, శ్రీకాకుళానికో, వైజాగ్‌కో వెళితే రాసేది కంపెనీ పేరు. బరంపురం వెళితే ఇంకో కంపెనీ పేరు. పైగా కౌంటరులో ఒడియాలో చెప్పింది మన పెద్దవాళ్లకు అర్థమవుతుంది కానీ కవరు మీద ఒడియాలో రాసింది చాలామంది చదవలేరు. ఇంటికొచ్చాక రంగు చూసి, సైజు చూసి వేసుకుంటారు. వచ్చే నెల కౌంటరులో అదే మందు వేరే రంగులో ఇస్తే, పాతది మిగిలి ఉంటే, రెండూ వేసుకుంటారు.

ఇప్పుడు మీ అమ్మగారి ఒంట్లో ఏం జరిగి ఉండొచ్చో వరసగా చెబుతాను. ఆమ్లోడిపిన్ మంచి బీపీ మందు. కానీ మోతాదు పెరిగేకొద్దీ కొందరికి చీలమండల దగ్గర కాళ్లు వాస్తాయి, ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు, సన్న రక్తనాళాలు వదులై వచ్చేది. వాపు చూసిన ఇంకెవరో నీరు పోవడానికి ఫ్యూరోసిమైడ్ రాశారని మీ జాబితా చివర్లో ఉంది. అంటే ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు పడింది. ఆ నీటి మాత్రతో మూత్రం ఎక్కువగా వెళ్లి ఒంట్లో నీరు తగ్గిపోతుంది, వాపు మాత్రం పెద్దగా తగ్గదు.

దీనికి నొప్పుల మాత్ర కలిసింది. అసలు అపాయం ఇక్కడే ఉంది. మూత్రపిండంలో రక్తం వడపోసే చోటుకి ఒక నాళం లోపలికి వస్తుంది, ఒకటి బయటికి పోతుంది. చెరువుకి నీళ్లొచ్చే కాలువ, పోయే తూము అనుకోండి. నొప్పుల మాత్ర వచ్చే కాలువని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు తూముని వెడల్పు చేస్తుంది. నీటి మాత్ర అసలు కాలువలో వచ్చే నీళ్లే తగ్గిస్తుంది. ఏ ఒక్కటైనా మూత్రపిండం సర్దుకోగలదు. మూడూ కలిసిన రోజున, అందులోనూ మే నెల ఎండల్లోనో, నాలుగు విరోచనాలైన రోజునో, వడపోత హఠాత్తుగా పడిపోతుంది. రోజుల్లోనే క్రియాటినిన్ పెరుగుతుంది. తొందరగా పట్టుకుని నొప్పుల మాత్ర ఆపితే చాలామందికి తిరిగి బాగవుతుంది. అందుకే ఇవాళే అన్నాను.

మూత్రపిండం మందగిస్తే గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి తొందరగా పోదు. ఇప్పటికే రెండు చోట్ల నుంచి పడుతోంది. రాత్రి కొంచెం తిని పడుకుంటే తెల్లారేసరికి షుగరు పడిపోతుంది. ఆ చెమటలు, కళ్లు తిరగడం అదే కావచ్చు. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మనిషికి తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్సు పిలవండి. ఇంకో మాట: ఈ రకం మాత్రల వల్ల షుగరు పడితే, పంచదారతో తేరుకున్నాక కొన్ని గంటలకు మళ్లీ పడొచ్చు. తేరుకున్నారు కదా అని ఇంట్లో ఉంచేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నొప్పుల మాత్ర అంత చెడ్డదా అని అడగొచ్చు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు లేని పడుచు వయసు మనిషి, పంటి నొప్పికో బెణుకుకో భోజనం తర్వాత రెండు మూడు రోజులు వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. అరవై దాటి బీపీ మందు వాడేవాళ్లు నెలల తరబడి వేసుకుంటే మాత్రం మూత్రపిండం, కడుపులో పుండు, గుండె మూడూ చూసుకోవాలి. ఈ మందులకు మూత్రపిండం మీద ఎంత పట్టుందో రాబందుల కథ చెబుతుంది. 1990లలో మన దేశంలో రాబందులు ఆకాశం ఖాళీ అయ్యేంతగా చచ్చిపోయాయి. 2004లో శాస్త్రజ్ఞులు కారణం తేల్చారు: పశువులకు నొప్పికి వాడిన డైక్లోఫినాక్. ఆ మందు పడిన పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుని ఉంది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. తర్వాత 2023లో ఎసిక్లోఫినాక్‌ను కూడా పశువులకు నిషేధించారు, ఎందుకంటే అది పశువు ఒంట్లోకి వెళ్లి డైక్లోఫినాక్‌గా మారుతుంది. మీ అమ్మగారు వాడుతున్న జీరోడాల్-పీలో ఉన్నది ఆ ఎసిక్లోఫినాకే. మనుషులు రాబందులంత సున్నితం కాదు, మనకు ఆ మందు చట్టబద్ధమే. కానీ మోకాళ్లకి అదే మొదటి మందు కాకూడదు. కాపడం, తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, పైన రాసే జెల్, ఇవి చూశాక అవసరమైతే పారాసిటమాల్. ఆ తర్వాతే, అదీ డాక్టరు క్రియాటినిన్ చూసి రాస్తేనే, ఇది.

పారాసిటమాల్ పేరు చెప్పాను కాబట్టి అందులోనూ ఇదే చిక్కు ఉంది. జీరోడాల్-పీలో ఎసిక్లోఫినాక్ 100తో పాటు పారాసిటమాల్ 325 ఉంది. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్ 400తో పాటు పారాసిటమాల్ 325 ఉంది. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఉంది. వీటి మీద జ్వరానికి డోలో 650 రోజుకి నాలుగు వేసుకుంటే లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు పైహద్దు. బక్కపల్చటివాళ్లకి, తిండి సరిగా లేనివాళ్లకి, రోజూ సారా తాగేవాళ్లకి డాక్టర్లు అంతకంటే తక్కువలో ఆపుతారు. పారాసిటమాల్‌లో కొంత భాగం లివర్లో విషపదార్థంగా మారుతుంది, లివరు తన దగ్గరున్న గ్లూటాథయోన్ అనే పదార్థంతో దాన్ని విరిచేస్తుంది. అది అయిపోతే లివరే దెబ్బతింటుంది. ఈ విషానికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. అది మొదట ఛాతీలో కఫం పలచబరచడానికి వచ్చిన మందు. ఎక్కువ మింగిన తర్వాత మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు, అప్పుడే ఆ విరుగుడు బాగా పనిచేస్తుంది. కాబట్టి బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు.

పిల్లల సిరప్‌కి ఒక్క మాట. అదే పారాసిటమాల్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్న సీసా ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. ఇంటి చెంచాతో పోయకుండా గీతలున్న మూతతోనో సిరంజితోనో పోయండి, సీసా మారినప్పుడల్లా ఆ అంకె చూడండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పుల మందు ఇవ్వకూడదని 2011 నుంచి దేశమంతా నిషేధం ఉంది, అయినా ఊళ్లలో ఇంకా ఇస్తున్నవాళ్లున్నారు.

ఇక పొట్లం. సంచీలో పొట్లాలు కూడా వేయమన్నది ఊరికే కాదు. కీళ్ల నొప్పులకి, ఆయాసానికి ఊళ్లల్లో కాగితంలో కట్టి ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు ఒక చిన్న తెల్ల మాత్ర ఉంటుంది, డెక్సామెథాసోనో బీటామెథాసోనో అనే స్టెరాయిడ్. వేసుకున్న పూటే నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది, హుషారు వస్తుంది. ఇచ్చినవాడి హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ మొహం గుండ్రమవుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కళ్లలో శుక్లాలు వస్తాయి. మీ అమ్మగారి షుగరు ఎందుకు అదుపులో లేదో వెతుకుతున్న డాక్టరుకి ఈ పొట్లం సంగతి తెలియకపోతే షుగరు మాత్ర ఇంకొకటి పెంచుతారు. అయితే పొట్లంలో స్టెరాయిడ్ ఉందని తెలిశాక కూడా ఒక్కసారిగా ఆపేయకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

అదే డెక్సామెథాసోన్ కోవిడ్‌లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు నిలబెట్టిందని 2020 జూన్‌లో బ్రిటన్ ప్రయోగం తేల్చింది. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ఇస్తే లోపలి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతాయి. ఆ మందు మీద నాకేమీ కోపం లేదు. పేరు లేకుండా, గడువు తేదీ లేకుండా కాగితంలో కట్టి ఇవ్వడం మీదే నా కోపమంతా. షాపులో కూడా చూడండి, నాలుగు మాత్రలు అడిగితే అట్ట కత్తిరించి ఇస్తారు. పేరున్న ముక్క, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతాయి, మీ చేతికి వచ్చేది ఉత్త వెండి రేకు. పేరున్న వైపు నుంచి కోసివ్వమనండి. కుదరదంటే అట్టని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అడిగే హక్కు మీకుంది.

మీ చెల్లెలి సంగతి. ఆమెకున్న పీసీఓఎస్‌కి (నెలసరి గాడి తప్పే అండాశయాల జబ్బు) మెట్‌ఫార్మిన్ రాయడం వింతేమీ కాదు. ఆ జబ్బులో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఒంట్లో ఇన్సులిన్ పెరిగి అండాశయం తీరు మారుతుంది. మెట్‌ఫార్మిన్ దాన్ని సరిచేయడానికి సాయపడుతుంది. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు షుగరుకు వాడి చూపించిన మందు ఇది, గలీగా అనే మొక్కలో దొరికే పదార్థం నుంచి వచ్చిన ఆలోచన. ఒక్కటే వాడితే షుగరు బాగా పడిపోవడం అరుదు, ఆ విషయంలో అమ్మగారి గ్లిమెపిరైడ్‌కీ దీనికీ పోలిక లేదు. మొదటి వారాల్లో కడుపులో తిప్పడం, విరోచనాలు ఉంటాయి, భోజనంతో వేసుకుంటే తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడితే రక్తంలో విటమిన్ బీ12 చూపించుకోవాలి. డాక్టర్లు చెప్పడం మరిచిపోయే మాట ఒకటుంది: నెలసరి గాడిన పడితే గర్భం కూడా రావొచ్చు. పెళ్లయి ఉండి ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే ఆ జాగ్రత్త తీసుకోవాలి.

ఒకందుకు వచ్చిన మందు ఇంకొకందుకు పనికిరావడం వైద్యంలో కొత్త కాదు. గర్భిణులకు బీపీ పెరిగే ప్రమాదం ఉంటే మూడో నెల దాటాక చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అదే ఆస్పిరిన్ డెంగీ అనుమానమున్న జ్వరంలో వేసుకుంటే రక్తస్రావం పెరుగుతుంది. పార్శ్వపు తలనొప్పికి ప్రొప్రనలాల్, కాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్ రాస్తారు. నెట్‌లో చూసి గుండె మందనీ, పిచ్చి మందనీ మధ్యలో మానేసినవాళ్లు నా షాపుకి ఎందరో వచ్చేవారు. గర్భిణుల వాంతులకని అమ్మిన థాలిడోమైడ్ వేలమంది పిల్లల్ని చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టించి 1961లో మార్కెట్టు నుంచి పోయింది. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ అనే డాక్టరు కుష్ఠు రోగులకు నొప్పితో కూడిన బుడిపెలు వచ్చే తీవ్ర స్థితిలో అది పనిచేస్తుందని గమనించాడు. ఇప్పటికీ అందుకు, ఒక రకం రక్త కేన్సర్‌కి వాడుతున్నారు, గర్భం దరిచేరనివ్వని కట్టుదిట్టమైన నియమాలతో. మందుకి మంచిదని ఒక ముద్ర, చెడ్డదని ఒక ముద్ర వేయడం కుదరదు. ఎవరికి, ఎంత, దేనితో కలిపి అన్నదే చూడాలి.

మన కొండ ప్రాంతంలో తప్పకుండా చెప్పాల్సిన ఉదాహరణ ప్రైమాక్విన్. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు చలిజ్వరం ఎక్కువ. వైవాక్స్ రకం మలేరియా లివర్లో దాక్కుని మళ్లీ మళ్లీ వస్తుంది, దాన్ని తుడిచేయడానికి 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జ్వరం తగ్గిందని నాలుగో రోజు మానేస్తే అది మళ్లీ వస్తుంది. కానీ పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకి ఈ మందు పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్ల టీ రంగులోకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి. ఆ రంగు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. జీ6పీడీ లోపమున్న పసిబిడ్డలకు బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా ఇంతే చేటు చేస్తాయి, ఆ ఉండల వాసన ఉన్న బట్టలు పిల్లలకు తొడగొద్దు.

చివరికి పక్కింటి అబ్బాయి. వాళ్లకిచ్చిన హైడ్రాక్సీయూరియా కొన్ని రక్త కేన్సర్లకి వాడే మందే, ఆ మాట నిజం. సికిల్ సెల్‌కి కూడా అది ఒప్పుకున్న మందే, అమెరికాలో 1998 నుంచి అనుమతి ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక తగ్గిపోతుంది. ఈ మందు దాన్ని మళ్లీ పెంచుతుంది. ఆ రకం ఎక్కువగా ఉన్న కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. నొప్పులు వచ్చి ఆసుపత్రిలో పడే సార్లు, రక్తం ఎక్కించాల్సిన సార్లు తగ్గుతాయి. ఫలితం నెలలకు గానీ కనపడదు, నెల వాడి ఏమీ లేదని మానేయకూడదు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, గిరిజన జిల్లాల్లో 40 ఏళ్లలోపు అందరికీ పరీక్షలు చేస్తున్నారు. ఇంట్లో మిగతా పిల్లలకూ చేయించమనండి.

అబ్బాయి ఇంటివాళ్లకు ఇవి చెప్పండి. ఈ మందు తెల్లకణాల్ని తగ్గించగలదు కాబట్టి డాక్టరు చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పనివ్వొద్దు. 101 డిగ్రీల జ్వరం దాటితే ఇంట్లో పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపొద్దు, ఇంట్లో గర్భిణి ఉంటే ఆవిడ దాన్ని ముట్టుకోకూడదు. నీళ్లు బాగా తాగించాలి. నొప్పి వచ్చినప్పుడు షాపులో దొరికే నొప్పుల మాత్ర వాళ్లకూ వద్దు, సికిల్ సెల్‌లో మూత్రపిండాలు ముందే బలహీనంగా ఉంటాయి.

మీ అమ్మగారి క్రియాటినిన్ వచ్చాక, డాక్టరు రెండు చీటీలూ చూసి మిగిల్చిన మందుల పేర్లు, మోతాదులు ఇక్కడే రాయండి. ఒక తెల్లకాగితం మీద మందు అసలు పేరు, ఎన్ని మి.గ్రా., ఏ పూట అన్నది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిచ్చే నమూనా తయారు చేస్తాను. కాశీనగర్‌లో అమ్మగారి ఆసుపత్రి పుస్తకం లోపలి అట్టకి అంటించండి, పర్లాకిమిడి కౌంటరులోనూ శ్రీకాకుళంలోనూ అదే కాగితం చూపించొచ్చు.